పలక ఎత్తకుండా బండి కదలదు

తర్లుపాడు రోడ్డు దిగి రాళ్లపల్లె వైపు వెళ్తే, ఊరు ఇంకా రాకముందే గనుల మలుపు వస్తుంది. ఒక పక్క పాత పలకరాయి గనులు, నీళ్లు నిండి పచ్చగా నిలబడిపోయినవి. ఇంకో పక్క ఆ గనుల్లోంచి తీసి పారేసిన చిత్తురాళ్ల కుప్పలు. చలికాలం తెల్లవారేటప్పుడు మంచు దిగితే, అక్కడ ఏది కుప్పో ఏది కూర్చున్న మనిషో దగ్గరికి పోతే తప్ప తెలియదు. బాబావలి రోజూ మార్కాపురం నుంచి ఆటో తెచ్చి ఆపేది ఆ మలుపులోనే. అక్కడ పిల్లలకంటే ముందుగా పలకలు అతని కోసం ఎదురుచూస్తూ ఉండేవి.

పలకల సంగతి అతను పెట్టిందే. ఇదివరకు రాళ్లపల్లెకు బస్సు వచ్చేది. వానలకు వాగు మీది కల్వర్టు కుంగిపోయాక బస్సు రోడ్డు మీదనుంచే వెళ్లిపోవడం మొదలైంది. ఆటోలు, ట్రాక్టర్లు వాగులోకి దిగి ఎక్కగలవు గానీ బస్సు దిగలేదు. మలుపు నుంచి రోడ్డు దాకా నడక. దారి పొడుగునా గనులు, కంచె లేదు, మంచులో అంచు కనబడదు. ఏ తల్లీ పిల్లల్ని ఆ దారిన ఒంటరిగా పంపదు. అందుకని హైస్కూలు పిల్లలు బాబావలి ఆటో ఎక్కడం మొదలుపెట్టారు. ఎక్కినప్పటినుంచీ అతని పక్కన ముందు సీటు కోసం కొట్లాటలే. ఒక రోజు ఒకడి చొక్కా చినిగింది, ఇంకొకడి పెదవి పగిలింది. బాబావలి విసిగిపోయి, కుప్పలోంచి తలా ఒక పలకముక్క తెచ్చుకోమన్నాడు. సాయంత్రం దిగేటప్పుడు ఎవరి ముక్క వాళ్లు రోడ్డు పక్క మట్టిలో వరసగా నిలబెట్టి పోవాలి. పొద్దున వచ్చి దాన్ని ఎత్తుకుని బండెక్కాలి. వరసలో ముందున్నవాళ్లకు ముందు సీటు.

పిల్లలు అంతటితో ఊరుకోలేదు. పలక పెట్టాక మేము ఆలస్యంగా వస్తే వదిలేసి పోతావా మామా అని అడిగారు.

"పోను," అన్నాడు బాబావలి. "పలక ఎత్తకుండా బండి కదలదు."

ఆ మాట వాళ్లకు తెగ నచ్చింది. ముక్కల మీద బలపంతో గుర్తులు పెట్టుకున్నారు. ఒకరు పువ్వు, ఒకరు క్రికెట్ బ్యాటు, ఒకరు పేరులో మొదటి అక్షరం. పలక పెట్టడం అనేది ఆ ఊళ్లో మాటైపోయింది. రేపు బడికి పోతున్నావా అని అడగడానికి బదులు, పలక పెట్టినావా అని అడిగేవాళ్లు.

క్రిస్మస్ సెలవులు అయిపోయి బడులు తెరిచిన కొన్నాళ్లకు, ఒక పొద్దున పిల్లలందరూ ఎక్కి సర్దుకుని కూర్చున్నాక కూడా మట్టిలో ఒక పలక మిగిలింది.

అది మిగతావాటిలాగా మూల విరిగిన ముక్క కాదు. పక్కలు నున్నగా చెక్కి, పైభాగం గుండ్రంగా తీర్చి ఉంది. మిగతా పలకలు రాత్రంతా మంచుకు మసకబారి ఉంటే, ఇది అప్పుడే నీళ్లలోంచి తీసినట్టు నల్లగా మెరుస్తోంది. కింద మట్టి కూడా తడిసి ఉంది. బాబావలి కాసేపు చూశాడు. హారన్ కొట్టాడు. మంచులోంచి ఎవరూ రాలేదు.

అది ఎవరిదని అడిగితే పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వెనక సీట్లో శ్రీను అనే కుర్రాడు, యేసుమణక్కది అన్నాడు. యేసుమణి తొమ్మిదో తరగతి. చెల్లెలు తనూజతో కలిసి వచ్చేది. ఆ రోజు తనూజ కూడా రాలేదు.

"ఏదీ, రమ్మను," అన్నాడు బాబావలి.

"యేసుమణక్క లేదు మామా," అన్నాడు శ్రీను, తల దించుకుని.

తెలుగులో ఆ మాటను రెండు రకాలుగా వినొచ్చు. ఇంట్లో లేదు, ఊళ్లో లేదు అనేది ఒక రకం. రెండో రకం బాబావలికి చిన్నప్పుడే తెలుసు.

బాబావలి నాయన సుభాని, మార్కాపురంలో పలకలకు చెక్క చట్రాలు బిగించే పని చేసేవాడు. బాబావలికి మెహతాబ్ అని ఒక చెల్లెలు ఉండేది. ఒక వేసవిలో పిల్లలిద్దరూ పుల్లలచెరువు అవతల, అడవి అంచున ఉన్న నానమ్మ ఊరికి పోయారు. అక్కడ మెహతాబ్‌కు జ్వరం తగిలింది. కబురంది నాయన పోయేసరికి పిల్ల కళ్లు తెరవడం లేదు. ఆ ఊరికి బండి లేదు. నాయన పిల్లను భుజాన వేసుకుని రోడ్డు దాకా నడిచాడు, బాబావలి వెనక పరుగెత్తాడు. రోడ్డు మీద నిలబడి బస్సు కోసం చూశారు. బస్సు వచ్చింది. వచ్చేసరికి నాయన భుజం మీద ఉన్నది ఊపిరి లేని పిల్ల. మార్కాపురం చేరాక నాయన ఇంట్లోవాళ్లకు ఉర్దూలో ఏం చెప్పాడో బాబావలికి గుర్తు లేదు. అరుగుల మీదున్న పక్కిళ్లవాళ్లకు మాత్రం తెలుగులో చెప్పాడు. మెహతాబ్ లేదు, అన్నాడు. ఖబరస్తాన్‌లో పిల్ల తలవైపు నిలబెట్టడానికి తనే ఒక పలకరాయి చెక్కాడు. పక్కలు నున్నగా, పైన గుండ్రంగా.

అందుకని ఆ పొద్దున బాబావలి ఇంకేమీ అడగలేదు. పెద్దవాళ్లు చెప్పవద్దన్న విషయాన్ని పిల్లల నోటినుంచి లాగడం అతనికి చేతకాలేదు. దిగి ఆ పలక ముందు నిలబడి, రెండు చేతులూ ఎత్తి, పెదవులు కదలకుండా, పోయినవాళ్ల కోసం చదివే ఫాతిహా చదువుకున్నాడు. తర్వాత తను పెట్టిన నియమం తనే తప్పి, పలక మట్టిలో ఉండగానే బండి తీశాడు. వాగు దిగేటప్పుడు అద్దంలో వెనక్కి చూశాడు. మంచులో మలుపు కనబడలేదు గానీ గనుల వైపునుంచి ఒక చప్పుడు వినబడింది. టిక్, టిక్, టిక్. మళ్లీ కాసేపు ఏమీ లేదు. మళ్లీ టిక్, టిక్. ఆ గనుల్లో పని ఆగిపోయి చాలా ఏళ్లయిందని అందరూ చెబుతారు.

మర్నాడు పలక మళ్లీ ఉంది. మళ్లీ తడిగానే. ఈసారి దాని మీద బలపంతో ఒక చుక్క, చుక్క చుట్టూ గుండ్రాలు, గుండ్రాల మీద మళ్లీ చిన్న చిన్న చుక్కలు. ఆ తర్వాతి రోజు గుండ్రాలు పెరిగాయి. ఒక రోజు వాటి కింద ఏవో అంకెలు, ఇంకో రోజు బాణం గుర్తు. పిల్లలు ఆ పలక పక్కనుంచి తమ పలకలు తీసుకునేవాళ్లు గానీ దాన్ని మాత్రం తాకేవాళ్లు కాదు. ఒకరు లేనప్పుడు వాళ్ల పలక ఇంకొకరు ఎత్తితే వాళ్లిక రారని పిల్లల్లో ఒక నమ్మకం పుట్టింది.

కొన్నాళ్లకు తనూజ వచ్చింది. తలకు నూనె లేదు, మొహం వాడిపోయి ఉంది. వచ్చీరాగానే ఆ పలక ముందు వంగి, చున్నీ కొంగుతో దాన్ని తుడిచి, తన ముక్క తీసుకుని వెనక మూలకు పోయి కూర్చుంది. బాబావలి అద్దంలో ఆమెను చూశాడు. ఆ పిల్లను మాట్లాడించబోయి మానుకున్నాడు. ఆ రోజే ఇంకొకటి గమనించాడు. అందరూ ఎక్కాక, అతను బండి తీసే ముందు, ఆటో ఎడమ పక్కకు ఒకసారి ఒరిగింది, ఆఖరున ఇంకెవరో కాలు పెట్టి ఎక్కినట్టు. రోడ్డు వాలుగా ఉంది గదా అని తనకు తనే చెప్పుకున్నాడు. కానీ రోడ్డు ముందునుంచీ అంతే వాలు. మరి ఇన్నాళ్లూ ఎందుకు ఒరగలేదు?

గుండ్రాల సంగతి విని అతని భార్య బాషాబీ భయపడింది. తాయెత్తుల్లో పెట్టే నక్షు అలాగే ఉంటుందని, ఎవరో ఏదో కట్టు కట్టారని, దాన్ని ముట్టుకోవద్దని చెప్పింది. వాళ్ల కూతురు ముబాషిరా అప్పుడప్పుడే అడుగులు వేస్తోంది. నాన్న రాగానే ఆటో హ్యాండిల్ పట్టుకుని ఊగడం దానికి ఇష్టం. బాబావలి ఆ ఆట మాన్పించాడు. ఇంట్లోకి వచ్చే ముందు కాళ్లు కడిగి, చెప్పులు దులిపి వచ్చేవాడు. మధ్యాహ్నం పిల్ల నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేవాడు. ఒకసారి బాషాబీ అది చూసి, నువ్వు నా బిడ్డను లేపి చంపేటట్టున్నావని కసిరింది. ఆ కసురులో కూడా భయం ఉంది.

చివరికి అతను పరామర్శకు పోవడమే మంచిదనుకున్నాడు. చావు జరిగిన ఇల్లు రోజూ వెళ్లే దారిలో ఉండి కూడా పోకపోతే మనిషి అనిపించుకోడు. ఒక సాయంత్రం పిల్లల్ని దించాక ఆటో మలుపులోనే పెట్టి, అరటిపళ్లు, బిస్కెట్ పొట్లం పట్టుకుని ఊళ్లోకి నడిచాడు. అతను తమ ఇంటి వైపు వస్తున్నాడని తెలిసి తనూజ ముందుగా పరుగెత్తింది.

యేసుమణి తల్లి లక్ష్మమ్మ ఇంటి ముందు చాప, గిన్నెలు, బియ్యం సంచి పెట్టుకుని మూటలు కడుతోంది. తండ్రి అబ్రహాము మంచం మీద గోడకు ఆనుకుని దగ్గుతున్నాడు. గనుల్లో చేసినన్నాళ్లు చేసి, ఆ రాయి దుమ్మును గుండెల్లో పెట్టుకుని వచ్చినవాడు. ఇల్లు ఖాళీ చేస్తున్నారంటే, పిల్ల పోయిన ఇంట్లో ఉండలేకనే అనుకున్నాడు బాబావలి. పళ్లు అరుగు మీద పెట్టి తల దించుకుని నిలబడ్డాడు.

"నాకు ఎవరూ చెప్పలేదు లక్ష్మమ్మక్కా," అన్నాడు. "ఎప్పుడు పోయింది?"

లక్ష్మమ్మ తనూజ వైపు ఒకసారి చూసింది. ఇక దాచి లాభం లేదనుకుంది కాబోలు.

"తెల్లారుజామున పోయింది," అంది, మూట ముడి బిగిస్తూ.

"ఈ రోజా?"

"రోజూ పోతానే ఉంది గదా. దీపాలు పెట్టే యాళకు వస్తుంది. కూర్చో నాయనా."

బాబావలి కూర్చోలేదు. తల్లికి మతి తప్పిందేమోనని అబ్రహాము వైపు చూస్తే, అతను దగ్గు మధ్యలో అవునన్నట్టు తల ఊపాడు. వెలుతురు తగ్గిపోయింది. ఎదురింట్లో ఎవరో లైటు వేశారు. అప్పుడు సందు చివర ఒక ఆకారం కనబడింది. తలనుంచి పాదాల దాకా బూడిద రంగు. జుట్టు బూడిద, కనురెప్పలు బూడిద, చేతిలో ఏదో ఇనుపముక్క. అడుగుల చప్పుడు కూడా లేదు. వచ్చి, అతనికి చెయ్యంత దూరంలో ఆగింది. బాబావలి నోట్లో కలిమా దానంతట అదే కదిలింది.

"మామా," అంది ఆ ఆకారం. "నా పలక ఉందా, ఎవరన్నా ఎత్తేసినారా?"

అతను అరుగు పట్టుకుని కూలబడ్డాడు. యేసుమణి చున్నీ కొంగుతో మొహం తుడుచుకుంది. బూడిద కింద గోధుమరంగు పిల్ల మొహం, పగిలిన పెదవులు బయటపడ్డాయి. ఏమైంది అతనికి అని తల్లిని అడిగింది. అతను ఏమనుకుని వచ్చాడో తెలిశాక అబ్రహాముకు నవ్వు, దగ్గు కలిసి వచ్చాయి. ఆ నవ్వు ఆగేదాకా లక్ష్మమ్మ అతని వీపు రాస్తూ కూర్చుంది.

"బతికుండగానే నా కూతురికి అరటిపళ్లు తెచ్చినావా?" అంది బాబావలితో. ఆమె మాత్రం నవ్వలేదు.

సంగతి ఇది. నీళ్లు నిండిన గనుల అవతలి ఒడ్డున కొందరు ఇంకా రాయి తీసి చెక్కుతున్నారు, ఇళ్ల గోడలకు అతికించే పలకల కోసం. అబ్రహాము ఉలి యేసుమణి చేతికి వచ్చింది. బడి పంతుళ్లు వెతుక్కుంటూ వస్తారేమోనని, ఎవరడిగినా ఊళ్లో లేదని చెప్పమని లక్ష్మమ్మ పిల్లలందరికీ నేర్పింది. శ్రీను అందులోంచి లేదు అనే ఒక్క మాట మాత్రమే గుర్తుపెట్టుకున్నాడు. గనికి పోతూ పోతూ యేసుమణి రోజూ ఆ మలుపులో తన పలక నిలబెట్టి పోయేది. గనినీళ్లలో కడిగిన రాయి గనక తడి. గుండ్రాల సంగతి అడిగితే, పిల్ల అతన్ని వింతగా చూసింది.

"అది పరమాణువు మామా. సోడియం. సెలవులకు ముందు మా క్లాసులో చెప్పినారు, మరిచిపోకుండా ఏస్తున్నా." వేలితో మట్టిలో గీసి చూపించింది. చివరి గుండ్రం మీద ఒకటే చుక్క. "ఇది ఒంటరిది. ఊరికే పక్కవాళ్ల దగ్గరికి ఎల్లిపోతుంది."

"మరి ఎక్కని బండికి పలక ఎందుకు పెట్టినావు?"

"పలక ఎత్తకుండా బండి కదలదన్నావు గదా," అంది యేసుమణి. "నువ్వు ఆగినంతసేపు నేను బడి మానినట్టు గాదు."

బాబావలికి ఆ పలక మట్టిలో ఉండగానే తను బండి తీసిన పొద్దులన్నీ గుర్తొచ్చాయి. గనిలోంచి ఆ పిల్లకు ఆటో చప్పుడు వినబడే ఉంటుంది. ఆగడమూ, కాసేపటికి వెళ్లిపోవడమూ, రెండూ.

మూటలు మిర్చి కోతలకు. ఎల్లుండి తెల్లవారి మేస్త్రి అంకన్న ట్రాక్టర్ వస్తుంది. రోడ్డు మీద లారీ ఎక్కించి గుంటూరు వైపు తీసుకుపోతాడు. అబ్రహామును ఆ మధ్యాహ్నం అతని అక్క వచ్చి కొనకనమిట్లలో తన ఇంటికి తీసుకుపోతుంది, తల్లీ కూతుళ్లు ముగ్గురూ కోతలకు పోతారు. తిరిగి వచ్చేసరికి పరీక్షలు అయిపోతాయి. తొమ్మిదిలో పోయిన పిల్ల పదికి రాదని లక్ష్మమ్మకూ తెలుసు. ఆమె ఏమీ దాచుకోకుండా చెప్పింది. ఇద్దరు పిల్లలకు ఆటో ఛార్జీ పెట్టలేకనే పెద్దదాన్ని మాన్పించింది. చిన్నది కూలికి పనికిరాదు గనక జ్వరం తగ్గాక బడికి పోయింది. ఇప్పుడు దాని ఛార్జీ కూడా కుదరడం లేదు.

"ఆడోళ్లకు బస్సు ఊరికే అంట," అంది లక్ష్మమ్మ. "ఊరికే వచ్చే బస్సు ఎక్కాలంటే రోడ్డు దాకా నడవాల. నడవకపోతే నీకియ్యాల. నిన్నేమీ అనడంలా. నీ పిల్ల నీకుంది."

బాబావలి ఆ మాట మోసుకుని ఇంటికి వచ్చాడు. చెల్లెలి చావు రోజున బండి లేదు. ఇక్కడ బండి ఉంది, తనదే, రోజూ వాళ్ల ఊరి ముందు ఆగుతోంది. అయినా ఒక పిల్ల రాయి దుమ్ములో బూడిదైపోయింది. చచ్చిపోయిందని తను అనుకున్నప్పుడు భయం వేసింది గానీ, బతికే ఉందని తెలిశాక వేసిన భయం అంతకంటే పెద్దది.

పిల్లకు అన్నం తినిపిస్తూ బాషాబీ అంతా విన్నది. నక్షు కాదు, బడి పాఠమని తెలిసి కాసేపు సిగ్గుపడింది. తర్వాత అతను అనుకోని మాట అంది. బస్సు ఉచితమయ్యాక గిద్దలూరులో పుట్టింటికి తను ఎన్నిసార్లు పోయి వచ్చిందో, అంతకుముందు ఎన్నాళ్లకోసారి పోయేదో గుర్తుచేసింది. పిల్లల్ని హైస్కూలు దాకా నువ్వే ఎందుకు మోయాలి, వాగు దాటించి రోడ్డు మీద బస్సు దగ్గర దించు, చాలు, అంది. ఆ కాస్త దూరానికి ఎవరూ ఇవ్వలేనంత ఉండదు. అటు పోయేటప్పుడు పిల్లలు, ఇటు వచ్చేటప్పుడు సంతకు పోయి వచ్చే ఆడవాళ్లు, పాలక్యాన్లు, ఎరువు బస్తాలు. బండి ఖాళీగా తిరగదు. నష్టం వస్తే అని అతను నసిగాడు. వస్తే అప్పుడు చూద్దాం, ముందు పిల్లను ట్రాక్టర్ ఎక్కనియ్యొద్దు, అంది బాషాబీ. ముబాషిరా మూతి తుడిచి, మెటికలు విరిచి దిష్టి తీసింది.

ట్రాక్టర్ వచ్చే పొద్దున మంచు ఎన్నడూ లేనంత దట్టంగా దిగింది. బాబావలి ముందుగానే పోయి ఆటోను మలుపులో, దారికి అడ్డంగా పెట్టి ఇంజన్ ఆపేశాడు. పలకలు వరసగా నిలబడి ఉన్నాయి. మొదట్లో ఆ నున్నటి పలక, తడిగా, దాని మీద గుండ్రాలు. ఊరు వదిలి పోయే రోజున కూడా పిల్ల పలక పెట్టి పోయింది. గని వైపు చప్పుడు లేదు. బళ్లోకి పోయే పిల్లలు ఒక్కొక్కరే మంచులోంచి వచ్చి, తమ ముక్కలు తీసుకుని ఎక్కి కూర్చున్నారు. తనూజ లేదు.

ముందు చప్పుడు వినబడింది, తర్వాత పసుపుపచ్చటి దీపాలు రెండు, నేలకు ఆనకుండా తేలుతున్నట్టు. దగ్గరికి వచ్చాక ట్రాక్టరు, వెనక ట్రక్కులో మూటలు, గిన్నెలు, తలలకు గుడ్డలు చుట్టుకున్న మనుషులు. కొందరి ఒడిలో పిల్లలు నిద్రపోతున్నారు. చలికి ముసుగులు కప్పేసరికి ఒక్కరి మొహమూ కనబడడం లేదు. అంకన్న దిగి వచ్చాడు.

"ఏం బాబావలీ, బండి చెడిందా, నువ్వు చెడినావా?"

"పలక ఎత్తలేదన్నా," అన్నాడు బాబావలి, ఆ నున్నటి రాయి చూపించి.

"ఎవురిదది?"

"నీ ట్రక్కులో ఉంది."

అంకన్న ముందు నవ్వాడు. లారీ ఆగదని, బండి తియ్యమని మంచిగా చెప్పాడు. తర్వాత ఆటోను ట్రాక్టరుతో నెట్టి గనిలో పడేస్తానన్నాడు. లోపల పిల్లలున్నారు గదా అని బాబావలి అంటే, అంకన్న ఆటో వైపు చూసి నోరు మూసుకున్నాడు. బాబావలి ట్రక్కు పక్కకు వచ్చి, ముసుగుల్లో లక్ష్మమ్మ ఎవరో పోల్చుకోలేక అందరికీ కలిపి చెప్పాడు. ఈ రోజునుంచి తను పిల్లల్ని వాగు దాటించి రోడ్డు మీద బస్సు దగ్గర దించుతాడు. అంతవరకే ఛార్జీ తీసుకుంటాడు, ఒక టీ తాగితే ఎంతో అంత. ఆడపిల్లలకు అక్కడనుంచి బస్సు ఉచితం, మగపిల్లలకు పాసు ఉంది. సాయంత్రం బస్సు దిగేసరికి ఆటో ఉంటుంది.

ఎవరూ కదలలేదు. ఆ ముసుగుల మధ్యలోంచి లక్ష్మమ్మ గొంతు మాత్రం వచ్చింది.

"నువ్వు ఒక నెల తిప్పి మానేస్తే? అప్పుడు నా పిల్లకు బడీ లేదు, కూలీ లేదు."

బాబావలి ప్రమాణం చేయలేదు. మట్టిలో ఉన్న ఆ నున్నటి పలక చూపించి ఒకే మాట అన్నాడు.

"పలక ఎత్తకుండా నేను పోయిన రోజులున్నాయక్కా. మీ పిల్ల గనిలోంచి విన్నది. ఇంక పోను."

ట్రాక్టర్ ఇంజన్ కొట్టుకుంటూనే ఉంది. లక్ష్మమ్మ వంగి మూట విప్పింది. బడిసంచులు రెండూ మూట అడుగున లేవు. బియ్యం సంచి పైన, చేతికి అందేలా ఉన్నాయి. వాటిని ఎప్పుడో ఒకప్పుడు తీయాల్సి వస్తుందని ఆమె అనుకునే కట్టినట్టుంది. ముందు తనూజ, తర్వాత యేసుమణి ట్రక్కు వెనకనుంచి దిగారు. మీ నాయనను చూసుకోండి, కొనకనమిట్ల పోనక్కర్లేదని చెప్పండి, అని మాత్రం అంది తల్లి. మిర్చి చేలో పెద్ద కూతురు కోయాల్సిన సాలు కూడా తనే కోయాలని ఆమెకు తెలుసు, ట్రక్కులో ఉన్న ఆడవాళ్లందరికీ తెలుసు.

యేసుమణి పోయి ఆ పలకను మట్టిలోంచి ఎత్తింది. బాబావలి ఆటో తిప్పి దారి ఇచ్చాడు. ట్రాక్టర్ వెళ్లిపోయాక కూడా, ముసుగులోంచి తల్లి చేయి కాసేపు ఊగుతూ కనబడింది. తర్వాత మంచు దాన్ని కప్పేసింది.

ఆ నెల గడిచింది, ఇంకో నెల కూడా. మొదట్లో బండి చాలా సార్లు ఖాళీగా తిరిగింది, బాషాబీ రెండు పూటలా లెక్క అడిగి మొహం ముడుచుకుంది. తర్వాత సంతకు పోయే ఆడవాళ్లు అలవాటు పడ్డారు. అబ్రహాము కూడా ఆ ఆటోలోనే రోడ్డు దాకా వచ్చి మార్కాపురం ఆసుపత్రికి పోయి మందులు తెచ్చుకున్నాడు. యేసుమణి ముందు సీటులో కూర్చుని పాఠాలు పైకి చదివేది. బాబావలికి సోడియం, పొటాషియం నోటికి వచ్చేశాయి. ఆటో ఒరగడం మాత్రం ఆగలేదు. అందరూ ఎక్కాక, కదలబోయే ముందు, ఎడమ పక్కకు ఒకసారి. దాని సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. మెహతాబ్ ఎక్కేదాకా ఆగినట్టు, ఒరిగేదాకా ఆగి, ఆ తర్వాతే బండి తీసేవాడు.

మంచు వెళ్లిపోయాక ఒక పొద్దున అతను మలుపు తిరిగి బ్రేకు వేశాడు.

వరస పెరిగింది. రాళ్లపల్లె పిల్లల పలకల తర్వాత వేరే పలకలు నిలబడి ఉన్నాయి. ఒకటి కుండపెంకు, ఒకటి పగిలిన టైలు, మిగతావన్నీ ఎక్కడెక్కడి రాళ్లో. ఏ గుర్తూ లేదు, పేరు లేదు. వరస రోడ్డు పక్కనే పోయి, కుప్పల చాటున వంపు తిరిగి, గనుల అవతలి ఒడ్డు వైపు సాగింది. పిల్లలు వచ్చి తమవి ఎత్తుకున్నారు. యేసుమణి తనది ఎత్తుకుంది. అవి అలాగే నిలబడి ఉన్నాయి.

ఎవరివి అని అడిగాడు బాబావలి. శ్రీను చెప్పాడు. గని అవతల గుడిసెల్లో, ఇంకా అవతల అడవి పక్క గూడెంలో పిల్లలున్నారట. పలక పెడితే ఒక బండి కదలకుండా ఆగుతుందని వాళ్లకు ఎవరో చెప్పారట.

"వాళ్లేరీ?"

శ్రీను ఈసారి లేరు అనలేదు. చేయి చాపి గని వైపు చూపించాడు. ఆటోలో అందరూ ఊపిరి బిగబట్టి విన్నారు. టిక్, టిక్, టిక్. ఒకే చోటునుంచి కాదు. అక్కడొకటి, ఇక్కడొకటి, ఇంకా దూరంగా ఇంకొకటి.

రోడ్డు మీద బస్సు హారన్ వినబడింది. బాబావలి బస్సు పిల్లల్ని వాగు దాటించి దించి, ఎవరినీ ఎక్కించుకోకుండా ఖాళీ ఆటోతో వెనక్కి వచ్చాడు. మలుపులో ఆపాడు. ఇంజన్ ఆపాడు. వరస చివర ఎక్కడుందో కనబడడం లేదు. అతను దిగి, ఆ రాళ్ల పక్కనుంచి, చప్పుడు వస్తున్న వైపుకు నడవడం మొదలుపెట్టాడు.